లిరెట్ పర్వతం, ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు

మా జిల్లాలో ఒక పర్వతం కలదని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. సదరు పర్వతం ఎత్తు సముద్రమట్టానికి ఏడడుగుల రెండంగుళాలు. చూడదలచినవారు ప్రభుత్వ పటంలో చూసుకోవచ్చు. నేల మీద చూస్తామని పట్టుబట్టడం ప్రభుత్వం మీద అపనమ్మకం కిందికి వస్తుంది కనుక మర్యాదస్తులు అలా అడగరు.

నా పేరు వాల్సిన్. సదరు పర్వతానికి కాపలాదారుని. టోపీ, ఈల జిల్లా సభవారు ఇచ్చారు. నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పర్వతం మీద ఒక్క నేరమూ జరగలేదు. పర్వతం లేకుండా పోయాక పని కాస్త తగ్గిన మాట నిజమే గాని, బాధ్యత రెట్టింపయింది. ఉన్నదాన్ని ఎవడైనా కాస్తాడు.

మాది లూసియానా దక్షిణపు కొస, బయూ గ్రోబెక్. బయూ అంటే పారడానికి బద్ధకించిన ఏరు. దానికి రెండు ఒడ్డులా ఇళ్ళు, ఇళ్ళ వెనక బురద, బురద వెనక సముద్రం. మాకు తూర్పూ పడమరా లేవు. ఏటికి పైకి, ఏటికి కిందికి, అవతలి ఒడ్డు. ఈ మూడు దిక్కులతోనే పుడతాం, పెళ్ళాడతాం, చస్తాం. దూరాన్ని పైపులతో కొలుస్తాం. చర్చి మూడు పైపుల దూరమంటే, దోనెలో పోతూ మూడుసార్లు పొగాకు కూరుకుని తాగేంత అన్నమాట. ఇక ఎత్తు అన్న మాటతో మాకు పనిపడేది చచ్చినవాళ్ళ విషయంలోనే.

ఎందుకంటే మా ఊళ్ళో రెండడుగులు తవ్వితే నీళ్ళు. వరద వస్తే పూడ్చినవాడు లేస్తాడు. అందరూ ఎప్పుడో ఒకసారి లేచినవాళ్ళే గాని, మా తెయోజెన్ బాబాయి సంగతి వేరు. ఆయన బతికుండగా ప్రతి శనివారం డాన్సు హాలుకి పోయేవాడు. పోయాక కూడా అలవాటు మానలేదు. మొదటి వరదకి శవపెట్టెతో సహా వెళ్ళి డాన్సు హాలు మెట్ల దగ్గర ఆగాడు. తెచ్చి పూడ్చారు. రెండో వరదకీ అక్కడే తేలాడు. ఏటి వాలు అటే ఉందని తెలిసినవాళ్ళు నచ్చజెప్పారు. ఆయన భార్య ఒదేలియా పిన్ని ఆ మాట చెవిని పెట్టలేదు.

"ఏటి వాలు కాదర్రా, ఆయన బుద్ధి వాలు. నలభై ఏళ్ళు చూశాను, నాకు తెలీదా?" అంది.

అప్పటినుంచి పిన్ని పెట్టెకి పడవకి పూసినట్టు ఏటా తారు పూసి, పెరటి చివరనున్న సైప్రస్ చెట్టుకి లావుపాటి తాడుతో కట్టేసింది. కాని కట్టేసిన మొగుడు ఎంతైనా కట్టేసిన మొగుడే. ఆయన తనంతట తాను ఒకచోట పడుండాలని పిన్ని కోరిక. పెద్ద తుఫాను నాటి నీటి చార చర్చి గోడ మీద ఎనిమిదడుగుల దగ్గర ఉంది. తొమ్మిదడుగుల దిబ్బ వేసి దాని నెత్తిన పాతితే ఇక ఏ నీరూ ఆయన్ని లేపలేదని లెక్క వేసింది. మట్టి దిబ్బ కరిగిపోతుంది. పిన్ని బతుకుతెరువు ఆల్చిప్పలు ఒలిచి అమ్మడం కనుక, ఒలిచిన గుల్లలన్నీ పెరట్లో పోగు పెట్టసాగింది. ఏటా సమాధులకి సున్నం వేసే నవంబరు పండగనాడు మేమంతా ఇంటికో బుట్ట గుల్లలు తెచ్చి పోసేవాళ్ళం. నేనూ పోశాను. అప్పట్లో నాకు టోపీ లేదు.

పదకొండేళ్ళకి దిబ్బ ఏడడుగులు దాటింది. ఇంకో రెండడుగులైతే బాబాయి శాశ్వతంగా ఇంటిపట్టున ఉంటాడు. సరిగ్గా అప్పుడు, 1891లో, ప్రభుత్వంవారి సర్వేయరు హోల్కూంబ్ దొర మా ఊరి పటం గీయడానికి దయచేశారు.

దొర మహా కష్టజీవి. మూడు కాళ్ళ యంత్రాన్ని బురదలో నిలబెట్టి, అది నడుము దాకా దిగబడేలోపు అందులోంచి చూసి, పుస్తకంలో రాసుకునేవారు. చక్కెర మిల్లులో రెండు సీజన్లు పనిచేసి నేను నేర్చుకున్న ఇంగ్లీషు చూసి నన్ను దుబాసీగా పెట్టుకున్నారు. ఏదైనా పాయ పేరడిగితే ఒడ్డునున్నవాడు తన తాత పేరు చెప్పేవాడు, అవతలి ఒడ్డువాడు తన తాత పేరు చెప్పేవాడు. దొర ఇద్దరు తాతల్నీ రాసుకునేవారు. ఆ విధంగా మా ఊరికి ఉన్న పాయలకి రెట్టింపు పాయలు ప్రాప్తించాయి.

చిక్కంతా ఎత్తు దగ్గర వచ్చింది. నేల ఐదడుగుల ఎత్తు దాటితేనే పటం మీద గోధుమరంగు గీత పడాలని రూలు. మూడు నెలలు కొలిచినా మా నేల మూడడుగులు దాటలేదు. పై కచేరీనుంచి దొరకి ఉత్తరం వచ్చింది. "మీరు పంపిన కాగితం మీద నీలిరంగు తప్ప మరేమీ కనిపించుట లేదు. తమరు హోటల్లో కూర్చుని సిరా ఒలకబోసినట్లు అనుమానించవలసి వచ్చుచున్నది" అని అందులో ఉంది. ఇంకో నెలలో ఒక్క గీతయినా పడకపోతే కొలువు ఊడుతుందని దొర నాతో చెప్పుకుని బాధపడ్డారు. దోమకాట్లకి వాచిన మొహంలో ఏది బాధో ఏది వాపో తెలిసేది కాదు.

ఆ పరిస్థితిలో వారి కన్ను పిన్ని పెరటి మీద పడింది.

"వాల్సిన్! ఏమిటది?"

"మా పిన్ని పెరడండీ దొరా."

"పెరడు కాదు. అది భౌగోళిక స్వరూపం!"

కొలకర్రతో పైకి పాకి కొలిచారు. ఏడడుగుల రెండంగుళాలు. కొలకర్రని కావలించుకుని కాసేపు ఉండిపోయారు. దిగివచ్చి, ఇది సహజమైనదా, మనుషులు చేసినదా అని పిన్నిని అడగమన్నారు.

"తినడం సహజమా కాదా అని ఆయన్నే అడుగు. తిన్నాం, పారేశాం" అంది పిన్ని.

"సహజమే అంటోందండీ."

"గుట్ట కాదని కూడా చెప్పు నాయనా. మా ఆయన పడక. ఇంకా రెండడుగులు పడాలి."

"ఇంకా పెరుగుతుందంటోందండీ."

దొర ఆశ్చర్యపోయి ఆ సంగతీ రాసుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకు దొర మీద జాలేసింది. జాలిపడి చేసిన తప్పు తప్పు కిందికి రాదని అప్పుడనుకున్నాను. ఆ పూట పిన్ని వారికి గంబో పులుసు పెట్టి, పైన మూడు డజన్ల ఆల్చిప్పలు ఒలిచి ఇచ్చింది. దొర తిని, గుల్లలు మర్యాదగా దిబ్బ మీదే వేశారు. కొలిచిన తరవాత తిన్నారు కనుక అవి ప్రభుత్వ లెక్కలోకి రాలేదు.

మరుసటేడు పటం అచ్చయి వచ్చింది. అంతా నీలం. మధ్యలో చంటిపిల్ల గోరంత గోధుమరంగు సున్న. జిల్లా సభ అధ్యక్షులు ఒనెజిమ్ లిరెట్ గారు ఆ సున్నని భూతద్దంతో చూసి, రుమాలుతో కళ్ళు తుడుచుకున్నారట. ఆ ఆదివారమే ప్రార్థన ముగియగానే చర్చి మెట్లమీద ఉపన్యసించారు.

"సోదర సోదరీమణులారా! పక్క జిల్లాకి రైలుంది. ఒప్పుకుంటాను. మిల్లుంది. జైలు కూడా ఉంది. కాని వాళ్ళకి పర్వతం ఉందా?"

"లేదు!" అని అరిచాం. అప్పటిదాకా మాకు పర్వతం లేదన్న బెంగ లేదు. వాళ్ళకీ లేదని తెలిశాక చెప్పలేని ఆనందం కలిగింది.

"ఈ ఉన్నత శిఖరానికి నా పేరు పెట్టమని మీరు బలవంతం చేస్తారని నాకు తెలుసు. అందుకే మీకా శ్రమ లేకుండా నేనే పెట్టేశాను."

ఆ విధంగా లిరెట్ పర్వతం అవతరించింది. వెంటనే జిల్లా సభ తీర్మానం చేసింది. ప్రభుత్వం కొలిచిన ఎత్తును పెంచడం గాని తగ్గించడం గాని శిక్షార్హం. పర్వతం ప్రజల సొత్తు కనుక దానిమీద ప్రైవేటు శవాల్ని పూడ్చరాదు. వరద వచ్చినచో ప్రజలెల్లరూ సదరు పర్వతం మీదికి చేరవలెను. ఆ కాగితం ఇంటింటి తలుపుకీ అంటించడానికి, గుల్లలు పోసేవాళ్ళని అడ్డుకోవడానికి నన్ను నియమించారు. నా మొదటి కేసు మా పిన్నే. చేతిలో బుట్టతో దొరికింది. నేను ఈల వేశాను. పిన్ని నావైపు చూసిన చూపు రాయడం నావల్ల కాదు. బుట్ట అక్కడే పెట్టి, ఆ పళంగా జిల్లా సభకి దోనె వేసుకుపోయింది. నేనూ వెనకాలే పోయాను.

"ఒరే ఒనెజిమ్! నీకు ముక్కు చీదుకోవడం రానప్పుడు నా ఏప్రనుతో తుడిచినదాన్ని. నా పెరట్లో గుల్లలకి నువ్వు పేరు పెడతావా?"

"పిన్నీ, అవి ఇప్పుడు గుల్లలు కావు, జాతీయ సంపద. దేశమంతా నీ పెరటివైపు చూస్తోంది."

"ఊరికే చూడ్డమెందుకు? వచ్చి తలో బుట్టా పొయ్యమను. రెండడుగులే తక్కువ. మీ బాబాయిని పడుకోబెట్టేసి నా దారిన నేను పోతాను."

"నీ బాధ నాకు తెలీదా పిన్నీ? కాని పర్వతం మీద పర్వతం పొయ్యకూడదు. రూలు."

పిన్ని అధ్యక్షులవారి బల్లమీదున్న పటం తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇందులో మీ బాబాయి ఎక్కడున్నాడు?" అని అడిగింది. లేడన్నారు. "చెట్టు?" అదీ లేదు. "అయితే ఉన్నవేవీ లేవన్నమాట" అని పటం బల్లమీద పడేసి వచ్చేసింది. చదువు లేనివాళ్ళకి పటాలు అర్థం కావని అధ్యక్షులవారు నాతో సానుభూతిగా అన్నారు.

పర్వతమంటూ ఉన్నాక దానికి రోడ్డు లేకపోవడం సిగ్గుచేటు. రెండేళ్ళకి రోడ్డు మంజూరైంది. చర్చి రేవునుంచి పర్వతం దాకా, ఒక పైపు దూరం. మా ప్రాంతంలో రోడ్డంటే గుల్లల రోడ్డే. బురదమీద గుల్లలు పోసి తొక్కితే గట్టిపడుతుంది. గుల్లలు దగ్గర్లో ఎక్కడ దొరుకుతాయో వాకబు చేయమని అధ్యక్షులవారు కమిటీ వేశారు. కమిటీ నెలరోజులు పడవల్లో తిరిగి, భోజనాలు చేసి, దగ్గర్లో గుల్లలున్న చోటు ఒక్కటే ఉందని ఏకగ్రీవంగా తేల్చింది. తగ్గించడం శిక్షార్హమన్న తీర్మానం మాటేమిటని ఒకరు అడిగారు. అది తగ్గించడం కాదు, వాడుకోవడం అని అధ్యక్షులవారు సందేహ నివృత్తి చేశారు.

ఊరంతటికీ పని దొరికింది. మగాళ్ళు తవ్వారు, ఆడాళ్ళు మోశారు, నేను ఈల వేస్తూ బుట్టలు లెక్కపెట్టాను. రోడ్డు పర్వతానికి ఎంత దగ్గరైతే పర్వతం రోడ్డుకి అంత దగ్గరైంది. ఇలాంటి పరస్పర సహకారం ప్రభుత్వ పనుల్లో అరుదుగా చూస్తాం. పిన్ని వరండాలో ఆల్చిప్పలు ఒలుస్తూ కూర్చుని, వచ్చేపోయే ప్రతివాణ్ణీ పేరుపెట్టి పలకరించేది. "ఏరా క్లియోఫాస్, నీ బుట్టేనా? అది మీ అమ్మ పోసిందిలే, జాగ్రత్తగా తీసుకెళ్ళు." ఆ మాటకి క్లియోఫాస్ తల దించుకుని, బుట్ట దించకుండా వెళ్ళిపోయాడు. మేమందరం అలాగే వెళ్ళాం. తలలు దించాం, బుట్టలు దించలేదు.

ప్రారంభోత్సవం నాటికి రోడ్డు అందంగా, తెల్లగా, సరిగ్గా పర్వతం ఉండిన చోట ఆగింది. అక్కడ చదునైన బురద, అందులో "లిరెట్ పర్వతం, ఏడడుగుల రెండంగుళాలు" అని పలక. అధ్యక్షులవారు ఉప్పు పంది మాంసం పీపా తెప్పించి, బోర్లించి, దాని మీదెక్కి, శిఖరాగ్రం నుంచి మాట్లాడుతున్నట్టు ప్రకటించి గంటసేపు మాట్లాడారు. కొండగాలి ఆరోగ్యానికి మంచిదన్నారు. చప్పట్లు కొట్టాం. అన్నీ అయ్యాక పిన్ని ముందుకొచ్చింది.

"మీ బాబాయి పడక ఏదిరా?"

నేనే చెప్పాల్సి వచ్చింది. "దానిమీదే నిలబడ్డావు పిన్నీ."

పిన్ని కిందికి చూసుకుంది. చెప్పులు విప్పి చేత పట్టుకుని, మొగుడి పడకని తొక్కడం ఇష్టంలేక బురదలోకి దిగి ఇంటికి నడిచిపోయింది. అధ్యక్షులవారు ఆనక నాతో, అంత మంచి రోడ్డుండగా బురదలో నడవడం మూర్ఖత్వమన్నారు. అవునండీ అన్నాను.

పర్వతం పోయినా దాని మంచి పోలేదు. స్కూలుకి కొండప్రాంతపు గ్రాంటు వచ్చింది. పోస్టాఫీసు పేరు లిరెట్ పర్వతమైంది. పర్వతం జారకుండా చూసే కమిటీ ఏటా కూర్చుని, జారలేదని రాసి, గంబో తాగి లేచేది. పిల్లలు పటం చూసి పాఠం చదివేవాళ్ళు. వరద కాగితం నేను ఏటా కొత్తది అంటించేవాణ్ణి. ఎన్నిసార్లు అంటించానో, చివరికి దాన్ని నేనే నమ్మసాగాను.

పటం అచ్చయిన తొమ్మిదేళ్ళకి దాన్ని సరిచూడ్డానికి హోల్కూంబ్ దొర మళ్ళీ వచ్చారు. ఈసారి పెద్ద హోదాలో వచ్చారు. చదును దేశంలో పర్వతాన్ని కనిపెట్టినందుకే ఆ హోదా ఇచ్చారు. యంత్రంలో కన్నుపెట్టి చాలాసేపు చూశారు. యంత్రంలోంచి బురద, బురద అవతల సైప్రస్ చెట్టు, చెట్టుకి కట్టేసిన పెట్టె కనిపించి ఉంటాయి. అద్దం తుడిచి మళ్ళీ చూశారు. ఊరంతా చుట్టూ మూగింది.

"గుట్ట..." అన్నారు దొర.

"ఎదురుగానే ఉందండీ" అన్నారు అధ్యక్షులవారు, గాలిలోకి చెయ్యి చూపిస్తూ. "ఎదురెండలో కనబడదు."

"పొద్దున్నే దానిమీదికెక్కి దిగొచ్చానండీ, మోకాళ్ళు పట్టేశాయి" అన్నాడు క్లియోఫాస్.

పోస్టుమాస్టరు తల ఊపాడు. స్కూలు మాస్టరు పిల్లలచేత ఎత్తు ఒప్పజెప్పించాడు. అప్పుడు పిన్ని జనాన్ని తోసుకుని వచ్చింది. మునుపటికంటే వంగిపోయింది గాని గొంతు తగ్గలేదు.

"గుట్టా లేదు, గాడిదగుడ్డూ లేదు. నేను పోశాను, వీళ్ళు మోసుకుపోయారు. ఒరే వాల్సిన్, దొరకి చెప్పరా. ఈసారన్నా ఉన్నదున్నట్టు చెప్పు."

దొర నావైపు చూశారు. ఆ చూపులో, గుట్ట లేదని చెప్పకు బాబూ అని ప్రాధేయపడటం స్పష్టంగా కనిపించింది. ఊరంతా నావైపు చూసింది. పిన్ని కూడా చూసింది. నేను టోపీ సర్దుకున్నాను.

"ఆవిడకి వయసు మీద పడిందండీ. చూపు ఆనడం లేదు" అన్నాను.

దొర హాయిగా ఊపిరి వదిలి పెన్సిలు తీశారు. అప్పట్లో ఇంకా పెరుగుతుందని చెప్పారు కదా, ఇప్పటికి ఎంత పెరిగి ఉంటుందని నన్నే అడిగారు. తొమ్మిదడుగులని చెప్పాను. ఎందుకలా చెప్పానో నాకే తెలియదు. ఆ అంకె పదేళ్ళుగా నాలో ఎక్కడో గుచ్చుకుని ఉంది. ఆ విధంగా పిన్ని అడిగిన రెండడుగులూ చివరికి పడ్డాయి.

ఆ శరత్తులోనే పెద్ద నీరు వచ్చింది. ఉదయం గంబోకి ఉల్లిపాయలు తరుగుతుండగా మొదలై, గంబో ఉడికేలోపు గిన్నెతో సహా లేపేసింది. చర్చి అటక మీద చోటుంది. కాని ఎవరూ అటు పోలేదు. తలుపు మీద కాగితం ఉందిగా. ఊరు ఊరంతా కోళ్ళు, కుర్చీలు, పరుపులు పడవల్లో వేసుకుని పర్వతంవైపు తెడ్లు వేశాం. ముందు పడవలో అధ్యక్షులవారు, పక్కనే ఈల వేస్తూ నేను. పొద్దున్నే దానిమీదికెక్కి దిగొచ్చానన్న క్లియోఫాస్ కూడా అటే వచ్చాడు. సగం దూరం పోయాక గాని, అది లేదన్న సంగతి నాకు గుర్తు రాలేదు. మిగతావాళ్ళ మొహాలు చూస్తే వాళ్ళకి ఇంకా గుర్తు రాలేదని తెలిసింది. చెప్పకుండా ఈల వేస్తూనే ఉన్నాను.

చేరేసరికి అక్కడ నీళ్ళు తప్ప ఇంకేమీ లేదు. వాలు జోరుగా ఉంది. పడవలు ఆగడం లేదు, తెడ్లు నేలకి తగలడం లేదు. ఇంకో పావు పైపు పోతే సముద్రం. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఆ మొత్తం నీళ్ళలో కదలకుండా ఉన్నది ఒక్కటే. సైప్రస్ చెట్టుకి లావుపాటి తాడుతో కట్టిన తెయోజెన్ బాబాయి పెట్టె. దానికి దోనె కట్టుకుని, ఒళ్ళో కోడిని పెట్టుకుని పిన్ని కూర్చుంది.

"రండర్రా, రండి. గుట్టెక్కడానికొచ్చారా?" అంది. "మీ బాబాయి జరుగుతాడులే. ఆయనకి జనం ఇష్టమే."

"పిన్నీ, తాడు! తాడు విసురు!" అని అరిచారు అధ్యక్షులవారు.

"విసురుతాను గాని ఒనెజిమ్, ముందు చెప్పు. గుట్ట ఉందా, లేదా?"

కోళ్ళు కూడా ఊరుకున్నాయి. ఒక్కమాట, లేదు అని ఒక్కమాట అంటే చాలు. అధ్యక్షులవారి పడవ మెల్లగా సముద్రంవైపు తిరుగుతోంది.

"ఉంది పిన్నీ" అన్నారాయన. "కాస్త మునిగింది."

పిన్ని ఆయన్ని తేరిపార చూసి, చివరికి నవ్వి, తాడు విసిరింది. ఒకరి వెనక ఒకరం, పడవకి పడవ కట్టుకుని, నూట పన్నెండు మందిమి బాబాయిని పట్టుకుని రెండు రోజులు వేలాడాం. జన్మలో ఒకచోట నిలవని మనిషి ఊరినంతటినీ నిలబెట్టాడు. నాకు చాలా సిగ్గేసింది. ఎవరికీ చెప్పలేదు.

సదరు వరదలో లిరెట్ పర్వతం నూట పన్నెండు మంది ప్రాణాలు కాపాడినట్లు జిల్లా రికార్డులో ఉంది. రాసింది నేనే. అది చదివి పక్క జిల్లావాళ్ళు తమకూ ఒక పర్వతం మంజూరు చేయమని అర్జీ పెట్టుకున్నారు.

పిన్ని మళ్ళీ గుల్లలు పోయడం మొదలుపెట్టింది. ఇప్పటికి మోకాలెత్తు అయింది. పైన లతాన్యా అనే పొట్టి తాటిచెట్టు ఆకులు కప్పి, కోళ్ళ గూడని చెబుతోంది. నవంబరు పండగనాడు ఎవరైనా బుట్ట తెస్తే వద్దనదు. మీరు వెళ్ళినా కూర్చోబెట్టి కాఫీ ఇస్తుంది. కాకపోతే గుమ్మం దగ్గరే ఆపి, కాగితం, పెన్సిలు ఉన్నాయేమోనని ముందు మీ జేబులు వెతుకుతుంది. ఇదంతా రాస్తున్నానని తెలిసినప్పటినుంచి నన్ను మెట్లు కూడా ఎక్కనివ్వడం లేదు.